సృష్టికథలు: ఎవరు చెప్పారు, ఎవరి కోసం చెప్పారు

సత్యనారాయణ వ్రతమైనా, గృహప్రవేశమైనా పురోహితుడు ముందు సంకల్పం చెప్పిస్తాడు. బ్రహ్మ ఆయుర్దాయంలో ఎన్నో సగం నడుస్తోందన్న దగ్గర మొదలుపెట్టి కల్పం, మన్వంతరం, యుగం, ద్వీపం, ఖండం దాటుకుంటూ వస్తాడు. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, సంవత్సరం, మాసం, తిథి, వారం కానిచ్చి, చివరికి పీటల మీద కూర్చున్నవాడి గోత్రనామాల దగ్గర ఆగుతాడు. అంత పెద్ద కాలచక్రమూ నిమిషంలో సుబ్బారావుగారి ముంగిట దిగుతుంది. అమెరికాలో చాలాచోట్ల జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అంటున్నారు. బ్రహ్మ ఆయుర్దాయం అదే, చిరునామా మారిందంతే.

సృష్టికథల గురించి మనలో తిరిగే అపోహలు చాలావరకు ఈ చివరి మజిలీని పట్టించుకోకపోవడం వల్ల వచ్చినవే. కథ ఎక్కడ మొదలైందో చూస్తాం, ఎవరి దగ్గర ఆగిందో చూడం.

అపోహ: సైన్సు తెలియని రోజుల్లో, లోకం ఎలా పుట్టిందో అర్థంకాక కల్పించుకున్న కథలివి

ఈ మాట వెనక పెద్దవాళ్లే ఉన్నారు. 1871లో ఎడ్వర్డ్ టైలర్ 'ప్రిమిటివ్ కల్చర్' రాసిన నాటి నుంచి, పురాణం అంటే ఆదిమానవుడి ముడి విజ్ఞానం అనే అభిప్రాయం స్థిరపడింది. ఇంగ్లండ్‌లో పుస్తకాల మధ్య కూర్చున్నవాళ్లకు అది సబబుగానే తోచింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ల తరబడి జనం మధ్య ఉండి చూస్తే వ్యవహారం వేరుగా కనిపించింది.

అక్కడివాళ్ల పూర్వీకులు భూమిలోని గుంతల్లోంచి పైకొచ్చారు. ఏ వంశం మూలపురుషులు ఏ గుంతలోంచి వచ్చారో ఆ చుట్టుపక్కల నేల ఆ వంశానిది. లబాయి అనే ఊరి దగ్గర గుంత ఒకటి మరీ ముఖ్యం. అందులోంచి నాలుగు వంశాల జంతువులు వరసగా వచ్చాయట. వాటిలో కుక్క ముందూ వెనకా చూడకుండా నోకు అనే అడవికాయ తినేసింది. అది తక్కువరకం తిండి. తర్వాత వచ్చిన పంది అది చూసి, నువ్వు చెత్త తిన్నావు గనక నీది తక్కువ పుట్టుక, ఇకనుంచి పెద్దరికం నాది అంది. అందుకే పంది వంశమైన మలాసిలో పెద్ద నాయకులు పుడతారు. ఈ కథలో సూర్యుడెలా పుట్టాడన్న ఊసు లేదు, సముద్రం ఎక్కడిదన్న ప్రశ్న లేదు. పొలం ఎవరిది, పెద్ద ఎవరు అన్నవి మాత్రం తేలిపోయాయి. 1926లో వేసిన చిన్న పుస్తకంలో మాలినోవ్‌స్కీ ఇలాంటి కథలను హక్కుపత్రాలుగా చూడమన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే పట్టాదారు పాసుపుస్తకం.

ఇదేదో మారుమూల దీవుల సంగతి అనుకోనక్కరలేదు. క్రీ.పూ. 17వ శతాబ్దిలో మట్టిపలకల మీద రాసిన మెసొపొటేమియా 'అత్రహాసిస్' కథలో మనుషులు లేని రోజుల్లో కాలువలు తవ్వే పని చిన్న దేవతలదే. ఏళ్లకేళ్లు మట్టి మోసి విసిగిపోయి, పనిముట్లు తగలబెట్టి, అర్ధరాత్రి ఎన్‌లిల్ దేవుడి ఇల్లు ముట్టడించారు. రాజీ కుదిరింది. ఒక దేవుణ్ణి చంపి, అతని నెత్తురుతో మట్టి కలిపి మనిషిని చేశారు. తట్ట మనిషి నెత్తికెక్కింది. నాకు తెలిసినంతలో సాహిత్యంలోకెక్కిన మొదటి సమ్మె ఇదే, దాని ఫలితమే మనం. యూఫ్రటీస్ కాలువల్లో ఏటా పూడిక తీయకపోతే ఆ దేశంలో పంట లేదు. పూడిక తీసేవాడికి, నువ్వు పుట్టిందే ఇందుకు అని చెప్పే కథ ఇది. అది ఎవరికి పనికొచ్చే కథో వేరే చెప్పాలా?

మన దగ్గరికి వద్దాం. ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం (90వ సూక్తం) విరాట్పురుషుడి శరీరంలో ఏ భాగం నుంచి ఏ వర్ణం వచ్చిందో చెబుతుంది. దీనికి రెండు జవాబులు చూడండి. పాలి దీఘనికాయంలోని 27వ సుత్తమైన అగ్గఞ్ఞ సుత్తంలో బుద్ధుడు, బ్రహ్మ నోటి నుంచి పుట్టామని చెప్పుకునేవాళ్ల ఇళ్లలో కూడా ఆడవాళ్లు కడుపుతో ఉండటం, కనడం, పాలివ్వడం అందరూ చూస్తున్నదే కదా అని నవ్వుతాడు. ఆ తర్వాత తనదైన కథ చెబుతాడు. అందులో జనం వరి దాచుకోవడం మొదలుపెట్టారు, పొలాలకు గట్లు వేశారు, దొంగతనాలు వచ్చాయి, దాంతో తమలో ఒకణ్ణి రాజుగా ఎన్నుకున్నారు. వర్ణాలు మనుషులు చేసుకున్న పనుల పంపకం.

రెండో జవాబు తెలంగాణ పల్లెల్లో ఉంది. చిందు కళాకారులు మాదిగలకు చెప్పే జాంబపురాణంలో ఆదిజాంబవుడు భూమి పుట్టడానికి ఆరునెలల ముందే పుట్టాడు. ఆ ప్రదర్శనలో జాంబవుడు, బ్రాహ్మణుడు ఎదురెదురుగా నిలబడి ఎవరు పెద్ద అన్నదాని మీద వాదానికి దిగుతారు. భూమికంటే ముందు పుట్టినవాణ్ణి తక్కువవాడనడం ఎలా? ఊరు చివర ఉంచిన జనం, తమ పుట్టుకను కాలానికే మొదట నిలబెట్టుకున్నారు. దీన్ని సైన్సు తెలియక అల్లుకున్న కథ అనేవాళ్లు అసలు ఆ వాదాన్నే వినలేదన్నమాట. పద్మశాలీలకు కూనపులివాళ్లు చెప్పే మార్కండేయ పురాణం, గౌడులకు జెట్టివాళ్లు చెప్పే కథ, చేర్యాల నకాషీ పటాల మీద గజాల పొడవునా బొమ్మలుగా దిగిన కులపురాణాలన్నీ ఈ కోవలోవే. ఆశ్రిత కులంవాళ్లు వచ్చి పటం విప్పి చెబుతారు, దాతల కులం తమ పుట్టుక వింటుంది, చెప్పినవాళ్లకు కట్టడి ప్రకారం ముడుతుంది. కథ చెప్పడం కూడా ఒక హక్కే.

ఆదిలాబాద్ రాజ్‌గోండుల సంగతీ అంతే. ప్రధాన్‌లు కిక్రీ మీద పాడే కథలో, గుహలో చిక్కుకున్న గోండు దేవతలను పహండి కుపార్ లింగల్ విడిపించి, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వర్గాలుగా విడదీస్తాడు. ఈనాటికీ పెళ్లి మాటలు ఆ లెక్క చూసుకునే నడుస్తాయి. ఒకే వర్గంలో పిల్లను ఇచ్చిపుచ్చుకోరు.

అపోహ: ఒక జాతికి ఒక సృష్టికథ ఉంటుంది

'హిందువుల సృష్టికథ' అని ఏకవచనంలో రాసే పాఠ్యపుస్తకాలు ఎన్నో. ఋగ్వేదం పదో మండలం ఒక్కదాంట్లోనే 90వ సూక్తంలో యజ్ఞంలో బలైన పురుషుడి నుంచి, 121లో హిరణ్యగర్భుడి నుంచి లోకం వస్తుంది. 129వది నాసదీయం. అందులో మొదట ఉన్నది ఉనికీ కాదు, లేమీ కాదు. చివరికి, పైనుంచి చూసేవాడికైనా ఇది తెలుసో తెలియదో అన్న సందేహంతో సూక్తం ముగుస్తుంది. కుతూహలం కోసమే పుట్టిన సృష్టికథ ఏదైనా ఉంటే ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. అదైనా కథ చెప్పకుండా తప్పుకుంది. ఈ మూడూ ఒకే మండలంలో ఉన్నాయి, వాటిని కూర్చినవాళ్లకు అది ఇబ్బందిగా తోచలేదు. ఇక తెలుగు పల్లెల్లో ఆదిశక్తి నీళ్ల మీద తనంతట తాను పుట్టి, గుడ్లు పెట్టి, వాటిలోంచి త్రిమూర్తులను కన్న కథ ఉంది. అందులో బ్రహ్మ సృష్టికర్త కాదు, పిల్లవాడు.

బైబిల్ ఆదికాండంలోనూ రెండు కథలున్నాయి. మొదటి అధ్యాయంలో చెట్లు, జంతువులు వచ్చాక స్త్రీపురుషులు కలిసి పుడతారు. రెండో అధ్యాయంలో ముందు పురుషుడు, తర్వాత చెట్లు, జంతువులు, చివర స్త్రీ. దేవుణ్ణి పిలిచే పేర్లు కూడా వేరువేరుగా ఉన్నాయని, దీని వెనక రెండు మూలాలు ఉండి ఉండాలని 1753లోనే ఫ్రెంచి వైద్యుడు ఝాఁ ఆస్త్రుక్ పట్టుకున్నాడు.

అపోహ: సృష్టికథ లేని సమాజం లేదు

జైనానికి లోకం ఎవరూ చేసినది కాదు, దానికి మొదలూ లేదు. రాష్ట్రకూట అమోఘవర్షుడి గురువైన జినసేనుడు తొమ్మిదో శతాబ్దిలో, లోకం చేయకముందు ఆ దేవుడు ఎక్కడున్నాడు, ముడిసరుకు ఎక్కడ తెచ్చాడు అని నిలదీశాడు. అమెజాన్ అడవుల పిరహా జనానికి సృష్టికథలే లేవని డేనియల్ ఎవరెట్ 2005లో రాశాడు. దాని మీద ఇంకా తగువు నడుస్తోంది.

అపోహ: ఇవి అనాదిగా చెక్కుచెదరకుండా వచ్చాయి

చైనా పాంగూ కథలో గుడ్డులోంచి పుట్టిన మహాకాయుడు ఆకాశాన్ని ఎత్తిపట్టి, చచ్చాక పర్వతాలు, నదులు అవుతాడు. వేల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఈ కథ రాతలో కనిపించేది క్రీ.శ. మూడో శతాబ్దిలోనే. కన్‌ఫ్యూషియస్ ఆ పేరు ఎత్తలేదు. మాయా జాతి కీచే తెగ కథల పుస్తకం 'పోపోల్ వుహ్' స్పానిష్‌వాళ్లు ఆక్రమించాక, 1550ల్లో, లాటిన్ అక్షరాల్లో రాసింది.

కావాలనే మార్చిన సందర్భాలూ ఉన్నాయి. బాబిలోన్ 'ఎనూమా ఎలిష్'లో మర్దుక్ దేవుడు సముద్రరూపిణి తియామత్‌ను చంపి, శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక ముక్కతో ఆకాశం, ఒక ముక్కతో భూమి చేస్తాడు. ఆ తర్వాత దేవతలు కట్టేది బాబిలోన్ నగరమే. మన ఉగాదిలాగే వసంతంలో వచ్చే అకీతు సంవత్సరాది పండుగ నాలుగో రోజున దీన్ని మర్దుక్ విగ్రహం ముందు చదివేవారు. అస్సీరియా వాళ్లు ఆ కథనే తీసుకుని, మర్దుక్ పేరు కొట్టేసి తమ దేవుడు అష్షూర్ పేరు పెట్టారు. మిగతా కథ జోలికి పెద్దగా పోలేదు.

హవాయి 'కుములిపో' మరీ చిత్రం. రెండు వేల పైచిలుకు పంక్తుల ఈ గానం బురదతో, పగడపు పురుగుతో మొదలై చేపలు, పక్షులు, పందుల మీదుగా మనుషులకొచ్చి, రాజవంశావళితో ముగుస్తుంది. 1893లో అమెరికన్ వ్యాపారులు రాణి లిలియోకలానిని గద్దె దింపారు. 1895లో ఆమెను ఆమె రాజభవనంలోనే ఒక గదిలో ఖైదు చేస్తే, అక్కడ కూర్చుని కుములిపోను ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టింది. 1897లో అచ్చువేయించింది. పగడపు పురుగు నుంచి తన దాకా తెగని వరస ఉందని, ఈ నేలకు వారసులెవరో చూసుకోమని రాజ్యం లాక్కున్నవాళ్ల భాషలోనే చెప్పింది.

అపోహ: పోలికలున్నాయంటే మూలం ఒకటే

కొన్ని నిజంగానే అప్పు తెచ్చుకున్నవి. నోవహు జలప్రళయం వెనక మెసొపొటేమియా కథ ఉందనడంలో పండితులకు పేచీ లేదు. నీళ్ల అడుగు నుంచి జంతువు మట్టి తెచ్చే కథ సైబీరియాలోనూ, ఉత్తర అమెరికాలోనూ విస్తారంగా ఉంది గనక వలసవచ్చినవాళ్లతో వచ్చిందనవచ్చు. సంతాల్ గిరిజనుల కథలో ఆ పని చేసేది వానపాము, మోసేది తాబేలు. మన వరాహం అదే పని కోరతో చేసింది. కానీ గుడ్డులోంచి ప్రాణి రావడం, మట్టితో బొమ్మ చేయడం, తల్లి కనడం ఎక్కడివాళ్లయినా రోజూ చూసేవే. వాటికి మూలం వెతకడం వృథాశ్రమ.

అపోహ: బిగ్ బ్యాంగ్ మనవాళ్లకు ముందే తెలుసు

ప్రతి ఉగాదికీ వాట్సాప్‌లో తిరిగేది ఇదే. బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు, చూశారా దగ్గరదగ్గరే అంటారు. 1980లో కార్ల్ సాగన్ కూడా 'కాస్మోస్'లో ఈ కాలప్రమాణాలను మెచ్చుకున్నాడు. కానీ విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, దానికి ఈ లెక్క సరిపోదు. ఆ 432 ఎక్కడిదో శతపథ బ్రాహ్మణం చూస్తే తెలుస్తుంది. 360 రోజులకు రోజుకు 30 ముహూర్తాల చొప్పున ఏడాదికి 10,800. అగ్నిచయనంలో పేర్చే ఇటుకలూ 10,800. పంక్తి ఛందస్సుకు 40 అక్షరాలు, 10,800 పంక్తులకు 4,32,000 అక్షరాలు, అదే ఋగ్వేదం కొలత అన్నారు. కలియుగం ఏళ్లూ అన్నే. బాబిలోన్ పూజారి బెరోసస్ కూడా జలప్రళయానికి ముందు రాజులు పాలించిన కాలం 4,32,000 ఏళ్లనే రాశాడు. కాలాన్ని, వేదాన్ని, యజ్ఞవేదికను ఒకే సంఖ్యలో ఇమిడ్చిన ఈ కూర్పు అద్భుతమే. దాన్ని భూగర్భశాస్త్రం అనడం ఆ కూర్పుకు కూడా అన్యాయం.

బ్రహ్మాండం పగలడానికి, బిగ్ బ్యాంగ్‌కు పోలిక కూడా పైపైనే. ఛాందోగ్యంలోని గుడ్డు పగిలితే వెండి చిప్ప భూమి, బంగారు చిప్ప ఆకాశం అయ్యాయి. బిగ్ బ్యాంగ్‌లో పగిలేదేమీ లేదు, వ్యాపిస్తున్నది అంతరిక్షమే. పైగా అది తప్పయితే తప్పని తేలే సిద్ధాంతం. అది ముందే చెప్పిన రేడియో కిరణాలు 1965లో పెంజియస్, విల్సన్‌ల యాంటెన్నాకు దొరకబట్టి నిలబడింది.

ఈ మోజు మనకొక్కరికే లేదు. ఆ సిద్ధాంతానికి ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ ఫాదిరీ. 1951లో పోప్ పన్నెండో పయస్, సైన్సు సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్న అర్థంలో ప్రసంగిస్తే అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది ఆయనే. తన సిద్ధాంతం మతానికి అటూ ఇటూ కానిదనీ, నాస్తికుడు కూడా దాన్ని హాయిగా ఒప్పుకోవచ్చనీ ఆయన పట్టు. మరుసటి ఏడు రోమ్‌కు వచ్చిన ఖగోళశాస్త్రజ్ఞులతో మాట్లాడినప్పుడు పోప్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.