పలుకు నేర్పే ఒడి

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నది పెద్దల మాట. మానవ జీవితంలో ఆ మొక్క దశ శైశవమే. పుట్టిన నాటి మెదడు రెండేళ్ళు నిండేసరికి బరువులో దాదాపు మూడింతలవుతుంది. ఆ వేళ శిశువు ముందు టెలివిజన్ ఉంచితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తన వృత్తి జీవితంలో అధికభాగాన్ని వెచ్చించిన శిశువైద్యుడు డాక్టర్ దిమిత్రి క్రిస్టాకిస్.

అమెరికాలోని సియాటిల్ నగరం ఆయన కార్యక్షేత్రం. తొలి మూడేళ్ళలో పిల్లలు రోజూ టెలివిజన్ చూసే కాలం గంట చొప్పున పెరిగేకొద్దీ, ఏడేళ్ళ వయస్సులో ఏకాగ్రత లోపించే అవకాశం సుమారు పది శాతం వంతున పెరుగుతున్నట్లు 2004లో ఆయన బృందం ప్రకటించింది. అయితే ఇది రెండింటి నడుమ కనిపించిన సంబంధమే గాని, ఒకటి మరొకదానికి కారణమనడానికి నిరూపణ కాదని కూడా ఆ బృందమే స్పష్టం చేసింది.

పసివారి మేధను వికసింపజేస్తాయన్న పేరుతో ఆనాడు వీడియోలు విరివిగా అమ్ముడయ్యేవి. ఎనిమిది నుండి పదహారు నెలల వయస్సు గల శిశువులు రోజుకు ఒక గంట వాటిని చూస్తే, చూడని వారికంటె ఆరు నుండి ఎనిమిది మాటలు తక్కువగా గ్రహిస్తున్నారని 2007లో ఆయన, సహపరిశోధకులు వెల్లడించారు. అట్టి వీడియోలను విక్రయించే డిస్నీ సంస్థ ఆ ప్రకటనను ఉపసంహరించుకోవాలని కోరింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అందుకు సమ్మతించలేదు. 2009లో ఆ సంస్థ కొనుగోలుదారులకు సొమ్ము తిరిగి ఇవ్వజూపింది. అనంతర కాలంలో మరికొందరు పరిశోధకులు అదే సమాచారాన్ని పునఃపరిశీలించి, ఆ సంబంధం అంత బలమైనది కాదన్నారు. ప్రశ్నకు నిలబడడమే శాస్త్రానికి గీటురాయి.

దృశ్యం వలన మాట ఎందుకు తగ్గాలి? దీనికి ఒక సమాధానం 2009లో లభించింది. పిల్లల దుస్తులలో చిన్న ధ్వనిముద్రణ యంత్రాలను అమర్చి పరిశీలించగా, ఇంట టెలివిజన్ మ్రోగే ప్రతి గంటకూ పెద్దల నోట బిడ్డ వినే మాటలు సుమారు 770 తగ్గినట్లు తేలింది. తెర పలుకుతున్నంతసేపూ తల్లిదండ్రులు మౌనం వహిస్తున్నారన్నమాట!

రెండేళ్ళలోపు పిల్లలకు తెరలు వద్దనీ, ఐదేళ్ళలోపు వారికి గంట మించరాదనీ భారతీయ శిశువైద్యుల సంఘం 2021లో సూచించింది. నేడు టెలివిజన్ స్థానాన్ని చరవాణి ఆక్రమించింది. బిడ్డ ఏడిస్తే చేతికి చరవాణి ఇవ్వడం సులభమే. కాని జోలపాట పాడే గొంతు, 'చందమామ రావే' అంటూ గోరుముద్దలు తినిపించే చేయి బిడ్డ నవ్వుకు బదులు నవ్వగలవారివి. ఆ బదులు పలుకే భాషకు తొలి పాఠం.