అమెరికా కొడుకు ఎందుకు రాలేకపోతున్నాడు? భృతికీ, ప్రయాణానికీ, పౌరసత్వానికీ పడ్డ ముడి

చిల్పూర్: ఉద్యోగం పోయింది. చేతినిండా తీరిక ఉంది. అయినా అమెరికాలోని కొడుకు ఇంటికి రాడు. "పని లేనప్పుడే గదా బిడ్డా, వచ్చి నాలుగు నెలలుండి పో" అని తల్లి అడుగుతుంది. "ఇప్పుడు కుదరదమ్మా" అని ఫోనులో జవాబు వస్తుంది. ఎందుకు కుదరదో అతను విడమరిచి చెప్పడు, చెప్పినా ఇక్కడివారికి అర్థం కాదు. ఊరివారు మాత్రం "డాలర్లు మరిగి కన్నవారిని మరిచాడు" అని తీర్పు చెప్పేస్తారు.

అసలు సంగతి వేరు. నిరుద్యోగ భృతిది ఒక లెక్క, దేశం దాటి ప్రయాణానిది ఒక లెక్క, పౌరసత్వానిది మరో లెక్క. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. తెలియక ఒక కొస లాగితే మిగిలిన రెండూ బిగుసుకుంటాయి. తెలిసి నడుచుకుంటే మాత్రం కొడుకు ఇంటికి రాకుండా ఆపే చట్టమేదీ లేదు. మల్కాపూర్, చిన్నపెండ్యాల, శ్రీపతిపల్లి మొదలు జిల్లాలోని ఏ ఊరి తల్లిదండ్రులైనా తెలుసుకోదగిన విషయమిది.

ముందు ఏ కార్డో అడగండి

అమెరికాలో ఉన్న మనవారందరిదీ ఒకే హోదా కాదు. హెచ్-1బీ వీసా మీద పనిచేసేవారు ఆ వీసా తీసిన కంపెనీకి కట్టుబడి ఉంటారు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లోగా మరో కంపెనీ చూసుకోవాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి. 2017 నుంచి ఈ గడువు అమలులో ఉంది. నచ్చిన చోట పనిచేసే స్వేచ్ఛ లేనందున సాధారణంగా వీరికి నిరుద్యోగ భృతి దక్కదు.

గ్రీన్ కార్డు వచ్చినవారి సంగతి వేరు. వారు శాశ్వత నివాసులు. ఏ కంపెనీలోనైనా పనిచేయవచ్చు. ఉద్యోగం పోయినంత మాత్రాన దేశం విడవనక్కరలేదు. భృతి విషయంలో అక్కడి పౌరులతో సమానంగా అర్హులే. ఒక్కో దేశానికి ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం వల్ల మనవారు ఈ కార్డు కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవారే. కార్డు చేతికి వచ్చాక సాధారణంగా ఐదేళ్ళు నివాసముంటే, అమెరికా పౌరుని పెళ్ళాడి కలిసి ఉన్నవారైతే మూడేళ్ళు ఉంటే, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టవచ్చు.

మస్టరు వంటిదే భృతి

భృతి అంటే దానం కాదు. 1935లో వచ్చిన సామాజిక భద్రతా చట్టంతో అక్కడ ఈ ఏర్పాటు మొదలైంది. పనివారి పేరున యజమానులు కట్టే పన్నుతో నిధి నడుస్తుంది. కొద్ది రాష్ట్రాల్లో పనివారు కూడా కొంత కడతారు. తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవారికి ఆ నిధి నుంచి కొన్నాళ్ళు వారం వారం సొమ్ము వస్తుంది. ఎక్కువ రాష్ట్రాల్లో గరిష్ఠ గడువు 26 వారాలు. మొత్తం మాత్రం రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో వారానికి 450 డాలర్లు, ఫ్లోరిడాలో 275 డాలర్లు మించదు. దాని మీద కేంద్రానికి ఆదాయపు పన్ను కూడా కట్టాలి. అక్కడి ఇంటి అద్దెల ముందు ఇది ఏ మూలకు?

2022 నవంబరులో మెటా కంపెనీ 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. పెద్ద జీతగాడికైనా అటువంటి రోజు వస్తుందని అప్పుడు తేలిపోయింది. ఆ రోజున చేతికి అందే ఆసరా ఈ భృతి.

దీని పద్ధతి మన ఉపాధి హామీ పని చేసినవారికి ఇట్టే అర్థమవుతుంది. పని చోట మనిషి ఉంటేనే మస్టరు పడుతుంది. వేరే ఊరికి పోయినవాడికి మస్టరు వేస్తే అది దొంగ మస్టరు. అక్కడా అంతే. వారానికోసారో, రెండు వారాలకోసారో తాను పనికి సిద్ధంగా ఉన్నానని, రేపు పిలిచినా చేరగలనని, ఉద్యోగం కోసం వెతుకుతున్నానని భృతిదారు రాసి ఇవ్వాలి. వేల మైళ్ళ దూరాన చిల్పూర్‌లో కూర్చున్న మనిషి రేపు పొద్దున అక్కడ పనిలో ఎలా చేరగలడు? అందుచేత దేశంలో లేని వారాలకు సాధారణంగా భృతి రాదు. బయలుదేరే ముందే ఆ సంగతి తన రాష్ట్ర కార్యాలయానికి తెలియజేయాలి. తిరిగి వెళ్ళాక, గడువు మిగిలి ఉంటే, మళ్ళీ తెరిపించుకోవచ్చు.

ఇతర దేశాల్లోనూ ఇంచుమించు ఇదే తీరు. కెనడా వారు కాస్త దయ చూపారు. దగ్గరి కుటుంబ సభ్యుని అంత్యక్రియలకో, జబ్బుపడినవారిని చూడడానికో దేశం విడిచి వెళితే వరుసగా ఏడు రోజుల దాకా భృతి ఆపరు. అమెరికాలో ఇటువంటి వెసులుబాటు ఉంటుందని నమ్మి టిక్కెట్టు కొనరాదు.

ఒక్క మీట నొక్కితే వచ్చే బుగులు

ఇక్కడే కొందరు పొరపాటు పడతారు. "ఇక్కడి నుంచే కంప్యూటరులో నొక్కితే ఎవరికి తెలుస్తుంది?" అని ఒకరు, "అక్కడున్న స్నేహితుడిని నొక్కమను" అని మరొకరు సలహా ఇస్తారు. ఈ సలహా ఇచ్చేది ఒక్కోసారి ఇంట్లోని పెద్దలే.

తెలియకుండా ఉండేది కాదు. ఏ దేశం నుంచి ఆ పత్రం నింపారో యంత్రమే పట్టుకుంటుంది. విమానాశ్రయంలో రాకపోకల లెక్క ఉంటుంది. అన్నిటికీ మించి, పౌరసత్వం కోసం నింపే ఎన్-400 పత్రంలో గత ఐదేళ్ళలో దేశం బయట గడిపిన ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో సహా దరఖాస్తుదారే రాయాలి. ప్రయాణం తేదీలు ఒక కాగితంలో, పనికి సిద్ధంగా ఉన్నానన్న మాట మరో కాగితంలో ఉంటే రెండూ ఎదురుబొదురు సాక్ష్యం చెబుతాయి.

దొరికితే తీసుకున్న సొమ్మంతా తిరిగి కట్టాలి. మోసమని తేలితే దాని మీద కనీసం 15 శాతం జరిమానా. అంతకన్నా పెద్ద దెబ్బ పౌరసత్వానికి తగులుతుంది. దరఖాస్తుదారు మంచి నడవడి గలవాడని రుజువు కావాలి. ప్రభుత్వానికి అబద్ధం చెప్పి సొమ్ము తీసుకున్నాడన్నది ఆ రుజువుకు అడ్డుగా నిలుస్తుంది. మన గుట్ట మీది బుగులు వేంకటేశ్వరస్వామికి కుబేరుని బాకీ బుగులు పట్టుకుందని పెద్దలు చెప్పుకుంటారు. స్వామిది మాట మీద తెచ్చిన అప్పు. అబద్ధం మీద తెచ్చిన సొమ్ము బుగులు అంతకు మించినది.

నిజాయితీగా భృతి తీసుకోవడం మాత్రం తప్పు కాదు, చిన్నతనమూ కాదు. అది పనిచేసి సంపాదించుకున్న హక్కు. ఉద్యోగం లేదని పౌరసత్వం నిరాకరించరు. దరఖాస్తులో నిరుద్యోగి అని ఉన్నదున్నట్లు రాస్తే సరిపోతుంది.

ఆరు నెలల గీత

ఇక ప్రయాణం లెక్క. పౌరసత్వం కోరేవారు ఐదేళ్ళలో కనీసం 30 నెలలు ఆ గడ్డ మీద ఉండాలి. అది గాక నివాసం తెగకుండా కొనసాగాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగిందని అధికారులు భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారుదే. ఏడాది దాటితే ఇక వాదనకు తావు లేదు, పౌరసత్వపు లెక్క తెగినట్లే. ఆ కార్డు ఒక్కటే చూపి తిరిగి దేశంలోకి వెళ్ళడం కూడా కష్టమవుతుంది.

ఉద్యోగం పోయినవారు ఇక్కడ మరింత జాగ్రత్త పడాలి. ఆరు నెలలు దాటినవారు నివాసం తెగలేదని చూపడానికి ఏమేమి పనికొస్తాయి? అక్కడి ఉద్యోగం వదలలేదని, భార్యాబిడ్డలు అక్కడే ఉన్నారని, ఇల్లు అలాగే ఉందని, బయటి దేశంలో కొలువు చేరలేదని చూపాలి. ఉద్యోగం పోయినవానికి మొదటి రుజువు ముందే పోయింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, కుటుంబంతో సహా వచ్చి, హైదరాబాద్‌లో కొలువులో చేరితే మిగిలిన మూడూ పోతాయి. కనుక "పని లేదు గదా, ఎనిమిది నెలలుండు" అన్న తల్లి మాట ప్రేమతో అన్నదే అయినా కొడుకు ఏళ్ళ నిరీక్షణకు గండి కొట్టవచ్చు.

తిరిగి ప్రవేశించే అనుమతి పత్రం అని ఒకటుంది. అమెరికాలో ఉండగానే దానికి దరఖాస్తు పెట్టాలి. రెండేళ్ళ దాకా ఇస్తారు. అది కార్డును కాపాడుతుంది గాని పౌరసత్వపు నివాసం లెక్కను కాపాడదు. ఈ తేడా తెలియక చాలా కాలం బయట ఉండిపోయేవారు నష్టపోతారు.

అనుకోని అడ్డంకులూ వస్తాయి. 2020 మార్చి ఆఖరి వారంలో కరోనా వల్ల అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా వచ్చినవారు వచ్చినచోటే చిక్కుకున్నారు. అందుకే ఆరో నెల ఆఖరి వారానికి టిక్కెట్టు పెట్టుకోవడం కన్నా ఒకటి రెండు నెలల ముందే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మేలు.

దరఖాస్తు పెట్టిన తరువాత

దరఖాస్తు పెట్టిన తరువాత కూడా ఇండియాకు రావచ్చు. భారత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు చేతిలో ఉంటే చాలు. అయితే వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు, ప్రమాణానికి పిలుపులు వస్తాయి. వాటికి హాజరు కావాలి. వీలు కాకపోతే ముందే తెలిపి తేదీ మార్పించుకోవాలి. పలకకుండా ఊరుకుంటే దరఖాస్తు వదులుకున్నట్లు లెక్క కట్టవచ్చు. కాబట్టి ఉత్తరాలు చూసే మనిషిని అక్కడ పెట్టి రావాలి.

అన్నిటికన్నా ఇరుకైన కాలం ప్రమాణం తరువాత వస్తుంది. ప్రమాణం నాడు గ్రీన్ కార్డు అప్పగించాలి. మన చట్టం ప్రకారం ఆ క్షణమే భారత పౌరసత్వం పోతుంది. కనుక పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయరాదు, దానిని అప్పగించాలి. అమెరికా పాస్‌పోర్టు వచ్చి, దాని మీద భారత వీసా గాని ఓసీఐ కార్డు గాని తీసుకునేదాకా కొడుకు కదలలేడు. పెద్దవారి ఆరోగ్యం అంతంత మాత్రంగా ఉన్న ఇంట్లో ప్రమాణం తేదీకి ముందే ఒకసారి వచ్చి చూసిపోవడం మంచిది.

ఇంత ఓపిక ఎందుకంటారా? గ్రీన్ కార్డుదారు తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకోలేడు. 21 ఏళ్ళు నిండిన పౌరుడు పిలిపించుకోగలడు. భూమి సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. ఓసీఐ కార్డుదారు ఇక్కడ వ్యవసాయ భూమి కొనలేడు. వారసత్వంగా వచ్చేది మాత్రం పొందవచ్చు.

ఇంటివారు చేయదగినది

కొడుకు గాని కూతురు గాని పని పోయిందని చెప్పినప్పుడు నాలుగు మాటలు అడగండి. ఏ కార్డు మీద ఉన్నావు? దరఖాస్తు పెట్టావా? పిలుపు తేదీలున్నాయా? భృతి తీసుకుంటున్నావా? ఈ నాలుగింటికి జవాబు దొరికితే ఎప్పుడు రావచ్చో, ఎన్నాళ్ళుండవచ్చో మీకే తెలుస్తుంది. చిక్కు ఉంటే అక్కడి వలస చట్టాలు తెలిసిన వకీలును అడగమనండి. టిక్కెట్లమ్మే ఏజెంటు మాట నమ్మవద్దు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం దాచవద్దు. "పిల్లవాడి పౌరసత్వం చెడుతుంది" అని తండ్రి జబ్బును దాచిపెట్టే ఇళ్ళు ఉంటాయి. అది అనవసరపు త్యాగం. మూడు వారాలు వచ్చి తండ్రి మంచం పక్కన కూర్చుంటే పౌరసత్వం పోదు. ఆ మూడు వారాల భృతి పోతుంది, అంతే. ఆ సొమ్ము మళ్ళీ సంపాదించుకోవచ్చు.