వార్తల్లో పదం: లినక్స్ డ్రైవర్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత ల్యాప్‌టాప్‌ను పారేయలేక విండోస్ బదులు లినక్స్ వేసుకునేవారికి వెంటనే ఎదురయ్యే మాట డ్రైవర్. వైఫై చిప్పు, గ్రాఫిక్స్ కార్డు వంటివాటిని ఆపరేటింగ్ సిస్టమ్ చేత పనిచేయించే ప్రోగ్రామ్ ఇది.

విండోస్ అలవాటు కొద్దీ కంపెనీ సైటుకు వెళ్లి ఫైలు కోసం వెతుకుతారు. ఇక్కడ చాలావరకు ఆ అవసరం రాదు. ఎక్కువ డ్రైవర్లు లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌తోపాటే వస్తాయి. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ సాధారణంగా వాటంతటవే పనిచేస్తాయి. పేచీ అంతా ఎన్విడియాతోనే. 2012లో ఫిన్లాండ్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీని వేదిక మీదే తిట్టిపోశారు. అది తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్‌కోడ్ బయటపెట్టింది 2022లో, అదీ కొత్త తరం కార్డులకే.

కెర్నెల్‌తో రాని డ్రైవర్ కోసం, లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, సిఫార్సు చేసినదాన్ని ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే చాలు. నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం ఒక పాస్‌వర్డ్ పెట్టమనవచ్చు. అలా అడిగితే, రీస్టార్ట్ అవుతుండగా నీలి తెర వస్తుంది. కంగారుపడి ‘కంటిన్యూ బూట్’ నొక్కకండి. ‘ఎన్‌రోల్ ఎంఓకే’లోకి వెళ్లి ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. లేదంటే డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు. వైఫైయే రాకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. డౌన్‌లోడ్‌కు ఫోన్ నెట్ సరిపోతుంది.