ఈ కారు ఎవరిది?

మేము మామూ అని పిలుచుకొనే మా బంధువు ఒకరు కొంతకాలం క్రితం ఒక పాత కారు కొన్నారు. అమ్మిన వ్యక్తిచేత స్టాంపు కాగితంపై ఒప్పందం వ్రాయించుకొన్నారు. రవాణా కార్యాలయంలో దాఖలు చేయవలసిన 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు సైతం చేయించుకొని బీరువాలో భద్రపరచారు. పేరు మార్పించుకోవడానికి మాత్రం వారికి తీరిక చిక్కలేదు. రెండేండ్లు పాత యజమాని పేరుమీదనే బీమా సొమ్ము కట్టుతూ వచ్చారు. మూడవ యేట ఒక వర్షపు రాత్రి ఆ కారు చింతచెట్టును ఢీకొన్నది. ప్రాణాపాయం తప్పినది గాని, కారు ముందుభాగం నుజ్జునుజ్జయినది. బీమా సంస్థవారు కాగితాలు పరిశీలించి, పరిహారం ఇవ్వ వీలులేదని ఉత్తరం వ్రాశారు.

"డబ్బు కట్టినది నేను, కారు నాది, చెట్టును గుద్దుకొన్నదీ నేనే. కాగితం మీద ఎవరి పేరుంటే వారికేమి?" అని మామూ మమ్ము నిలదీశారు. మేము భాషాసాహిత్యాలు చదివినవారమే గాని న్యాయశాస్త్రం చదివినవారము కాము. అయినా ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. విచారించి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మన కళాశాల ఆవరణలో నిలిచే మోటారు సైకిళ్ళలో ఇతరుల పేర తిరుగుతున్నవి తక్కువేమీ కావు కదా!

బీమా అనేది కారుకు చేసేదని మనం అనుకొంటాము. నిజానికి అది మనిషితో చేసుకొనే ఒప్పందం. ఈ వస్తువు చెడితే నీకు కలిగే నష్టాన్ని, ఆ నష్టం మేరకు మాత్రమే, భర్తీ చేస్తామని సంస్థ మాట ఇస్తున్నది. వస్తువు చెడినా ఏమీ నష్టపోనివానికి భర్తీ చేయవలసినది ఏమున్నది? వస్తువుతో మనిషికి గల ఈ ధనసంబంధాన్నే ఇన్సూరబుల్ ఇంట్రెస్టు అంటారు.

ఈ నియమం ఊరక పుట్టలేదు. పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో, తమకు చిల్లిగవ్వంత భాగం లేని ఓడలమీద, ముక్కుమొగము తెలియనివారి ప్రాణాలమీద సైతం కొందరు బీమా తీసుకొనేవారు. ఓడ మునిగితే వారికి పండుగ. ఇది వర్తకం కాదు, జూదమని గ్రహించి అక్కడి పార్లమెంటు 1745లో ఓడల విషయంలోను, 1774లో ప్రాణాల విషయంలోను చట్టాలు చేసి, సంబంధం లేనివారి బీమా చెల్లదన్నది. మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను కూడా పందెపు ఒప్పందాలు చెల్లవంటున్నది. పొరుగువారి కారుకు మనం బీమా చేయించుకోగలిగితే, ఆ కారు క్షేమాన్ని కోరేవారమవుతామో, వారి బ్రేకులు విఫలం కావాలని కోరేవారమవుతామో పాఠకులే ఊహించవచ్చు.

అందుచేతనే సంస్థవారు రిజిస్ట్రేషను పత్రం అడుగుతారు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూస్తారు. కారు దొంగిలింపబడినప్పుడు ఈ పట్టుదల మరింత ఎక్కువ. పోలీసువారి నివేదికలతోపాటు రెండు తాళపుచెవులు, యాజమాన్యం మార్చే ఫారాలపై సంతకాలు కోరుతారు. పరిహారం చెల్లించిన తరువాత కారు దొరికితే అది సంస్థకు చెందవలెను. తనది కాని కారును ఎవరు మాత్రం సంస్థకు అప్పగించగలరు? బ్యాంకు అప్పుతో కొన్న కారైతే బ్యాంకు పేరు కూడా పాలసీలో ఎక్కుతుంది, ఎందుకనగా ఆ కారు పోతే బ్యాంకుకూ నష్టమే.

మరొక చిన్న సంగతి. ఏ క్లెయిమూ చేయనివారికి ప్రీమియంలో 20 నుండి 50 శాతం వరకు తగ్గింపు లభిస్తుంది. ఇది మనిషి జాగ్రత్తకు ఇచ్చే బహుమానం, కారుతోపాటు చేతులు మారేది కాదు. మామూ రెండేండ్లు అనుభవించిన తగ్గింపు పాత యజమానిది. ఈ మాట చెప్పినప్పుడు వారు కొంచెం నొచ్చుకొన్నారు.

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను ప్రకారం కారు చేతులు మారితే బీమా కూడా మారినట్లే భావింపబడుతుంది. అయితే ఇది దారినపోయే మూడవ వ్యక్తికి కలిగే హానికి మాత్రమే వర్తిస్తుందని, కారుకు కలిగే నష్టానికి వర్తించదని సుప్రీంకోర్టు 1995లో తేల్చినది. కొన్నవారు 14 దినాలలో తమ పేర మార్చవలసిందిగా బీమా సంస్థకు దరఖాస్తు చేయవలెను.

అమ్మినవారికీ నిశ్చింత లేదు. పలుచేతులు మారిన ఒక వాహనం వలన జరిగిన ప్రమాదంలో, రిజిస్టరులో ఎవరి పేరున్నదో ఆయనే యజమాని, పరిహారం ఆయనే చెల్లించవలెనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. ఈ నియమమే ఒక్కొక్కప్పుడు యజమానికి మేలు చేస్తుంది. లారీని అమ్మజూపి పేరు మార్చని ఒక యజమానికి 2011 నాటి ప్రమాదంలో బీమా సంస్థ పరిహారం నిరాకరించగా, రిజిస్టరులో పేరున్నది కనుక ఆయనే యజమాని, సంస్థ చెల్లించవలసినదేనని 2020లో అదే న్యాయస్థానం అన్నది. కాని దానికి పట్టిన కాలాన్ని గమనించండి!

మామూ విషయంలో నష్టం ఒకరిది, ఒప్పందం వేరొకరిది. పాలసీ ఉన్నవారు కారు అమ్మి సొమ్ము చేసుకొన్నారు. కారు పోగొట్టుకొన్నవారికి పాలసీ లేదు. న్యాయం ఇంతే. అయినా మా మనసులో ఒక ఫిర్యాదు మిగిలే ఉన్నది. రెండేండ్లు ప్రీమియం పుచ్చుకొన్నప్పుడు "ఈ కారు ఎవరిది?" అని ఎవరూ అడుగలేదు. సొమ్ము ఇవ్వవలసివచ్చినప్పుడే ఆ ప్రశ్న పుట్టినది. పుచ్చుకొనేటప్పుడే అడిగియుంటే మామూ ఆనాడే రవాణా కార్యాలయానికి వెళ్ళియుండేవారు.

మరమ్మతు సొమ్ము వారే భరించారు. బీరువాలోని ఫారాలు బయటికి తీసి పేరు మార్పించుకొందామంటే, వాటిపై సంతకం చేసిన వ్యక్తి ఊరు విడిచి వెళ్ళినట్లు తెలిసినది. ఆయన చిరునామా కనుగొనడానికే మామూకు నాలుగు నెలలు పట్టినది.