చెవులు కుట్టించుటకు ముందు

మన యిండ్లలో బిడ్డకు చెవులు కుట్టించుట యొక వేడుక. మేనమామ యొడిలో కూర్చుండబెట్టి, చేతికి బెల్లపు ముక్క నిచ్చి, ఏడుపు పెరుగక ముందే పని ముగింతుము. ముహూర్తము చూతుము, పోగుల తూకము చూతుము. కాని చెవిలో దిగు సూది యెట్టిదో చూచువారు మనలో తక్కువ. పూర్వము ఇంటికి వచ్చి కుట్టు కంసాలి మనకు తెలిసినవాడు. నేడు పట్టణములలో నగల యంగళ్లు, బ్యూటీ పార్లర్లు, పచ్చబొట్టు దుకాణములు అన్నియు నీ పని చేయుచున్నవి. వీరిలో నెవరిని నమ్మవలెను?

ఈ ప్రశ్నను మేము సకాలమున వేసికొనలేదు. మా యాడపడుచు కూతురు చెవి పైభాగమున పోగు పెట్టుకొనగోరగా, బజారులో అద్దములు మెరయుచున్న యంగడికి మేమే తీసికొనిపోతిమి. అచటివాడు చిన్న తుపాకివంటి సాధనమును స్పిరిటు దూదితో తుడిచి, ఒకరి తరువాత నొకరికి వాడుచుండెను. “అత్తయ్యా, తుడుచుటయే గాని మార్చుట లేదే” అని పిల్ల మెల్లగా ననెను. “ఇంత పెద్ద యంగడి, వారికి తెలియదా?” అని మేము సరిపుచ్చితిమి. నాలుగవనాటికి చెవి వాచి చీము పట్టెను. వైద్యురాలు నయము చేసిరి గాని, చెవి యంచు నేటికిని ముడుతపడియే యున్నది. చూచియు నడుగకపోవుట మా తప్పు.

చెవితమ్మె మెత్తని కండ. 6 మొదలు 8 వారములలో మానును. పైభాగము మృదులాస్థి. దానిలో రక్తనాళములు లేనందున మానుటకు నెలలు పట్టును. చీము పట్టిన చెవి యాకారమే చెడవచ్చును. తుపాకి మొద్దు పోగును బలముగా నెట్టి యా భాగమును నలుపును. కావున నచట ఒక్కసారి వాడి పారవేయు బోలు సూదియే తగినది.

కంటికి కనబడని భయము వేఱొకటి. ఒకరి రక్తము సోకిన సూది మఱియొకరికి దిగినచో హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. సంక్రమింపవచ్చును. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తములో సైతము 7 దినములు బ్రతుకగలదు. స్పిరిటుతో తుడిచినంతమాత్రమున సాధనము శుద్ధి కాదు. మన ప్రెషర్ కుక్కరు వంటిదే యైన ఆటోక్లేవులో, 121 డిగ్రీల సెంటిగ్రేడు ఆవిరిలో, కనీసము 15 నిమిషములు ఉంచవలెను. ప్లాస్టిక్కు తుపాకి యా వేడికి నిలువదు.

కాబట్టి అంగడిలో కూర్చుండుటకు ముందు నాలుగు సంగతులు చూడుడు. సూది పొట్లమును మన యెదుట విప్పుచున్నారా? చేతులు కడిగికొని క్రొత్త గ్లవ్సు తొడుగుచున్నారా? వాడిన సూదిని గట్టి డబ్బాలో పడవేయుచున్నారా? పచ్చబొట్టు రంగును ఒక్కొక్కరికి వేఱు గిన్నెలో పోసి, మిగిలినది తిరిగి సీసాలో పోయక పారవేయుచున్నారా? మంచి పనివాడు అడుగకమునుపే చూపును. అడిగినందుకు విసుగుకొనువాని యొద్దనుండి లేచి వచ్చుటయే మేలు. తిరునాళ్లలో నొకే సూదితో వరుసగా పొడుచువారి చెంతకు పోనేరాదు.

పోగు విషయమున, నికెలు కలిసిన గిల్టు సరకు కొందరికి దురదయు రసియు కలిగించును. మేలిమి బంగారము గాని టైటానియము గాని కోరుడు. శిశువులకైనచో 6, 10, 14 వారముల టీకాలు ముగియువరకు ఆగుట మంచిది. కుట్టిన పిదప పసుపు, నూనె పూసి పోగును త్రిప్పుట మన వాడుక, దానిని మానుడు. చేతులు కడిగికొని, కాచి చల్లార్చిన యుప్పునీటితో తుడిచిన చాలును. ఎఱుపు వ్యాపించినను, జ్వరము వచ్చినను, పోగును మీరే ఊడదీయక వెంటనే వైద్యునికి చూపుడు.

సోదరీమణులారా, చీర కొనునపుడు అంచు తిరగవేసి చూతుము. బియ్యము కొనునపుడు నోట వేసికొని చూతుము. బిడ్డ చెవికి దిగు సూదిని గూర్చి యొక ప్రశ్న యడుగుటకు మొగమాట మెందులకు?