ఇంటి నిల్వపెట్టెకు చేరని ఫైళ్లు

మన యిండ్లలోని ముఖ్యపత్రములు నేడు ఇనుపపెట్టెలో కంటె సెల్‌ఫోనులోనే యెక్కువగా నుండుచున్నవి. పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పిల్లల పెండ్లి వీడియోలు, గతించిన పెద్దల కంఠము వినిపించు రికార్డులు, అన్నియు నందే కలవు. ఫోను నేలబడి పగిలినచో వాని గతి యేమగునను భయముచేత, పట్టణమున ఉద్యోగము చేయు కుమారుడో అల్లుడో వచ్చి రూటరు ప్రక్కన నొక చిన్న పెట్టెను అమర్చిపోవుట కొన్ని యిండ్లలో చూచుచున్నాను. దీనిని ‘నాస్’ అందురు. లోపల ఒకటో రెండో హార్డుడిస్కులును, వానిని నడపు చిన్న కంప్యూటరును ఉండును. ఇంటిలోని ఫోనులును కంప్యూటరులును తమ ఫైళ్లను వైఫై ద్వారానో కేబులు ద్వారానో దీనికి పంపును. ఆ పంపుటనే అప్‌లోడు అందురు.

అమర్చినవాడు రైలెక్కి పోయిన పిమ్మట గదా చిక్కు వచ్చును! తెరమీద ‘అప్‌లోడు విఫలమైనది’ అను నొక్క ముక్క కనబడును. ఎందుకో చెప్పదు, చెప్పినను ఒక అంకె చూపి యూరకుండును. ఇట్టి సమయమున తెరమీది మాటకంటె ఫైళ్ల నడవడిని నమ్ముట మేలని నా యభిప్రాయము. ఏవి పోయినవి, ఏవి నిలిచినవి, నిలిచినవి యెంతదూరము పోయి నిలిచినవి అనునది కనిపెట్టినచో లోపమెక్కడ నున్నదో చాలవరకు తేలిపోవును.

మొదట ఒక చిన్న ఫొటోను, ఇంగ్లీషు అక్షరములతో పొట్టి పేరు పెట్టి, పంపి చూడుడు. అదియు పోనిచో లోపము ఫైలులో లేదు. పెట్టెయే పుచ్చుకొనుట లేదు. ఇందుకు తఱచు కారణము హక్కు. పెట్టెలోని ప్రతి ఫోల్డరునకును చదువు హక్కు వేఱు, వ్రాయు హక్కు వేఱు. పొలముగట్టున నడచు హక్కు ఉన్నంతమాత్రమున పొలము దున్ను హక్కు రాదు గదా! లోపలి ఫొటోలన్నియు కనబడుచున్నవి గనుక తమకు సర్వాధికారము కలదని తలచి, రూటరును మాటిమాటికి ఆర్పి వెలిగించువారిని నేనెఱుగుదును. దానివలన ఫలము లేదు. పెట్టెకు యజమానిగా నమోదైనవానికి ఫోనుచేసి వ్రాయు హక్కు నడుగవలెను.

హక్కు ఉన్నను పుచ్చుకొననిచో చోటు చూడవలెను. చెరిపివేసిన ఫైళ్లు పెట్టెలోని చెత్తబుట్టలో చేరి, అచ్చటను చోటు నాక్రమించుచునే యుండవచ్చును. డిస్కు ఖాళీగా నున్నను, ఒక్కొక్కరికి ఇంతయే యని వంతు పెట్టియుండుటయు కలదు. నిన్నటివరకు పుచ్చుకొని నేడు ఇంటిల్లిపాదికిని నిరాకరించినచో మాత్రము జాగ్రత్త పడవలెను. డిస్కుమీది లెక్కలలో తప్పు కనబడినపుడు, ఉన్నది చెడకుండుటకై, వ్రాత నాపి చదువుటకు మాత్రమే యిచ్చు పెట్టెలు కలవు. అపుడు క్రొత్తవి పంపుటకు పెనగులాడక, లోపలనున్నవానిని ముందు వేఱొక డిస్కునకు ఎక్కించుకొనవలెను.

చిన్న ఫొటో పోయి పెద్ద వీడియో నిలిచెనా, అది పరిమాణపు తగాదా. పెట్టెకు తగిలించిన పాత పెన్‌డ్రైవులోనో డిస్కులోనో చోటును అమర్చిన పద్ధతి ఫ్యాట్32 అయినచో, అది 4 గిగాబైట్లకు మించిన యే యొక్క ఫైలును పుచ్చుకొనదు. సరిగా చెప్పవలెనన్న 4,29,49,67,295 బైట్లు దాని హద్దు. ఆ పద్ధతి 1996లో వచ్చినది. నాడు ఇంట నంత పెద్ద ఫైలుండునని యెవరును తలచియుండరు. డిస్కులో 500 గిగాబైట్ల ఖాళీ యుండగా పెండ్లి వీడియో నొక్కదానిని నిరాకరించుటకు మర్మమిదియే. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ వంటి పద్ధతికి, పెట్టె దానిని అంగీకరించునేని, డిస్కును మార్చిన తీరును. కాని అట్లు మార్చునపుడు అందున్నదంతయు తుడిచిపోవును. ముందుగా వేఱొకచోట నకలు తీసికొననిదే చేయరాదు. ఇక బ్రౌజరు ద్వారా పంపునపుడు 413 అను అంకె కనబడినచో, ఆ ద్వారమును కాచు ప్రోగ్రాము ‘ఇంత పెద్దది రానీయను’ అనుచున్నదని గ్రహింపవలెను. ఎన్జింక్స్ అను ప్రోగ్రామునకు పుట్టుకతో వచ్చిన హద్దు 1 మెగాబైటే. యజమాని దానిని పెంచవలెను.

పరిమాణముతో నిమిత్తము లేక కొన్ని పోయి కొన్ని నిలిచినచో వాని పేర్లు చదువుడు. మన తెలుగువారికి ముఖ్యముగా తగులు చిక్కు ఇది. లినక్సు మీద నడచు పెట్టెలలో ఒక ఫైలు పేరునకు సామాన్యముగా 255 బైట్ల హద్దు కలదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావలెను. అదియుగాక గుణింతమును, వత్తును వేర్వేఱు గుర్తులుగా లెక్కకు వచ్చును. ‘షష్టిపూర్తి’ అను మాటలో మన కంటికి నాలుగక్షరములే. యంత్రమునకు పదునొకండు గుర్తులు, 33 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరములలో 12 బైట్లతో సరిపోవును. అన్యాయమే కాని, యంత్రముతో వాదింప వలనుపడదు! కావున ‘మా నాన్నగారి షష్టిపూర్తినాడు గుడివద్ద బంధువులందఱితో’ అని వాక్యమంత పేరు పెట్టినచో హద్దు దగ్గఱపడును. ఫోల్డరును గూఢలిపిలో దాచు కొన్ని పెట్టెలలో ఆ హద్దు 143 బైట్లకు, అనగా 47 తెలుగు గుర్తులకు, దిగును. పేరు పొట్టిదైనను, అందు గీటుగాని, రెండు చుక్కలుగాని, ప్రశ్నార్థకముగాని యున్నచో విండోసు కంప్యూటరు ఒప్పుకొనదు. తేదీని 12/3 అనియు, వేళను 10:30 అనియు పేరులో వ్రాయు నలవాటు మానవలెను. 2024-03-12 అని వ్రాసిన చిక్కులేదు. పైగా ఫైళ్లు తేదీల వరుసలో నిలుచును.

ఒకే ఫైలు ఒకసారి పావువంతునను, మఱియొకసారి ముప్పాతికవంతునను ఆగినచో, లోపము దారిలో నున్నది. ఫోను తెర ఆరినతోడనే బ్యాటరీ పొదుపునకై పంపుట నాపు ఫోనులు కలవు. చార్జరు పెట్టి, తెర వెలుగుచుండగా పంపి చూడుడు. వైఫై గోడలు దాటునపుడు క్షీణించును. పెట్టెకు దగ్గఱగా కూర్చున్న తెలియును. కేబులైనచో ఎలుక కొఱికినదేమో చూడుడు. అందు ఎనిమిది తీగెలుండును. నాలుగే నిలిచినను పని నడువవచ్చును గాని, వేగము 1000 మెగాబిట్లనుండి 100కు పడిపోయి, అరనిమిషములో పోవలసిన 4 గిగాబైట్లకు అయిదు నిమిషములు దాటును.

క్రొత్త కంప్యూటరునకు పాత పెట్టె యసలే కనబడకుండుటయు కలదు. వానాక్రై అను దుష్టప్రోగ్రాము 2017 మే నెలలో లోకమంతట వ్యాపించినది ఎస్‌ఎంబీ1 అను పాత సంభాషణపద్ధతిలోని లొసుగుగుండనే. ఆ సంవత్సరాంతమునుండి క్రొత్త విండోసులో దానిని ముందుగా అమర్చుట మానిరి. పాతపెట్టెకొఱకు దానిని తిరిగి తెఱువుడని సలహా యిచ్చువారున్నారు. నేను ఒప్పుకొనను, పెట్టెలోని ప్రోగ్రామును క్రొత్తదానికి మార్పించుటయే తగును.

ఇక అన్నిటికంటె నష్టకరమైనది, విఫలమై విఫలమైనట్లు కనబడని అప్‌లోడు. నే నెఱిగిన యొక యింట తాతగారు తమ చిన్ననాటి ముచ్చట్లు చెప్పిన రికార్డును పెట్టెకు పంపిరి. నడుమ కరెంటు పోయినది. పెట్టెలో ఫైలు పేరు కనబడుచున్నది గదా యని ఫోనులోనిదానిని చెరిపివేసిరి. వారికి మిగిలినది మొదటి సగమే. తాతగారు అప్పటికే లేరు. పేరు ముందు పుట్టును, లోపలి సరుకు తరువాత చేరును. కావున ఫోనులోని ఫైలెన్ని బైట్లో, పెట్టెలోనిదియు నన్ని బైట్లగునో కాదో సరిచూచి, పెట్టెనుండియే దానిని తెఱచి, వీడియోయైనను రికార్డైనను చివరి నిమిషమును వినిన పిమ్మటనే ఫోనులోనిది చెరుపవలెను.