సంఘమునకు సొంత అంతర్జాలపు అంగడి

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఉద్దానపు జీడి, కొబ్బరి తోటలను ఎట్లు కూల్చెనో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. తిరిగి నాటిన జీడిమొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. అంత శ్రమపడి పెంచిన పంటను కొనువాడు చెప్పిన ధరకే ఇచ్చివేయుట న్యాయముగాదు. "పలాస పప్పును మన సంఘమే దూరప్రాంతములవారికి నేరుగా అమ్మరాదా?" అని కొందరు మమ్ము అడిగిరి. అమ్మవచ్చును. అందులకు వలయు అంతర్జాలపు అంగడిని గూర్చి యిచట వివరించెదము.

ఇట్టి అంగడిని నడపునది కంప్యూటరు ప్రోగ్రాము. కొన్ని ప్రోగ్రాముల మూలమును యజమానులు దాచియుంచి నెలనెల అద్దె గైకొందురు. మరికొన్నిటి మూలమును అందరికిని విడిచిపెట్టిరి. ఎవరైనను దానిని చదువవచ్చును, వాడవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. దీనినే ఓపెన్ సోర్సు అందురు. పొరుగువానివద్ద చోడి విత్తనము తెచ్చుకొని, మన పంటనుండి మరియొకరికి ఇచ్చుట వంటిదే యిది. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్సు, దానిపై నడచునట్లు 2011లో వచ్చిన వూకామర్సు ఈ కోవలోనివి.

ప్రోగ్రాము ఉచితమేగాని అంగడి ఉచితము గాదు. అంగడి చిరునామాకు ఏటేట రుసుము, సర్వరునకు అద్దె, సొమ్ము వసూలుచేయు సంస్థకు కమీషను, తపాలా ఖర్చు సంఘమే భరింపవలెను. పప్పు ఆహారపదార్థము గనుక ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనుమతి ముందుగా పొంది, ఆ సంఖ్యను పొట్లముపై ముద్రింపవలెను.

ఈ అంగడికి ముందొక వసారా, వెనుకనొక లోగది కలవు. వసారాలో సరకుల బొమ్మలు, తూకము, ధర కనబడును. కొనువాడు తనకు వలసినది ఎంచుకొని, సొమ్ము చెల్లించి, చిరునామా ఇచ్చును. ఇచట వర్ణన నిక్కముగా నుండవలెను. డబ్ల్యూ-240 రకమనిన, పౌనునకు, అనగా సుమారు 454 గ్రాములకు, 220 నుండి 240 వరకు విరగని పప్పులు తూగునని అర్థము. బద్దను దీనితో కలిపిన సంఘము పేరు చెడును.

లోగదినే అడ్మిన్ డాష్‌బోర్డు అందురు. వచ్చిన ఆర్డర్లు, పంపినవి, తిప్పి ఇచ్చిన సొమ్ము, మిగిలిన సరకు, నెల అమ్మకము అన్నియు నచట కనబడును. అంతర్జాలమున అమ్మినది నిల్వనుండి తనంతట తానే తగ్గును. ఊరిలో అమ్మినది మాత్రము మనమే వ్రాయవలెను. మేము తోడ్పడిన యొక సంఘమున గోదాములోని పప్పు ఊరిలో అమ్ముడుపోయెను, లోగదిలో మాత్రము నిల్వ యున్నట్లే నిలిచెను. లేని పప్పునకు సొమ్ము వచ్చెను. దానిని తిప్పి పంపితిమిగాని ఆ కొనుగోలుదారులు మరల రాలేదు. తప్పు మాదే. వ్రాయుట నేర్పితిమి, ప్రతిసాయంకాలము ఎవరు వ్రాయవలెనో నిర్ణయింపలేదు.

అన్నిటికన్న ముఖ్యమైనది లోగది తాళపుచెవి. దానిని కట్టిన కుర్రవాని చేతనే విడిచినచో, అతడు ఊరు విడిచిననాడు అంగడియు పోవును. కంచె చేను మేసిన అడుగువాడుండడు. కావున చిరునామా, సర్వరు, బ్యాంకి ఖాతా సంఘము పేరననే యుండవలెను. వూకామర్సులో అధికారములు వేరువేరుగా ఇయ్యవచ్చును. గుమాస్తాకు సరకులు, ఆర్డర్లు చూచు అధికారము చాలును. పూర్ణాధికారము తీర్మానము ప్రకారము ఇద్దరు బాధ్యులకుండవలెను. ఉద్యోగి మారిననాడే సంకేతపదమును మార్చవలెను. లెక్కల ప్రతిని వారమువారము వేరొకచోట దాచవలెను.

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు కార్మికులు వెన్న, చక్కెర, పిండి మొదలగు కొద్ది సరకులతోనే తమ సహకార అంగడిని తెరచిరి. మనమును రెండు రకముల పప్పుతో ఆరంభింతము. రాబోవు సర్వసభ్య సమావేశమున, "తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? నిల్వ ఎవరు వ్రాయుదురు?" అని సభ్యులు ముందుగా అడుగవలెను. దీనికి సరియైన సమాధానము వచ్చిన పిమ్మటనే అంగడి తలుపు తీయుట మేలు.